డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

బేస్తవారిపేటలో జరుగు మన వార్షిక మహాసభ సంచికకై ఒక మహనీయుని చరిత్రము వ్రాసి యిమ్మని కార్యనిర్వాహకులు కోరినప్పుడు, ఎవరి చరిత్రము వ్రాయవలెనను సందేహము మాకు కలుగలేదు. కంభము, గిద్దలూరు, మార్కాపురము ప్రాంతములనుండి కాన్సరు చికిత్సకై గుంటూరునకో హైదరాబాదునకో రైలెక్కువారు మన బంధువర్గములోనే యున్నారు. అట్టివారికి వైద్యులు వ్రాసి యిచ్చు చీటీలలో కొన్నింట మెథోట్రెక్సేటు అను పేరు కనబడును. ఆ జాతి మందులకు పుట్టినిల్లయిన పరిశోధనాలయమును నడపినది నియోగి గృహమున బుట్టిన తెలుగువాడని ఆ చీటీ చేతబట్టుకొని తిరుగువారిలో పలువు రెరుగరు.

మరియొక కారణము కూడ కలదు. జీవకణముల పొరలయందు అయాను మార్గములను సన్నని ద్వారము లున్నవి. కాన్సరు పుట్టుటలోను, పెరుగుటలోను, చికిత్సకు లొంగుటలోను వీనికి గల పాత్రనుగూర్చి నేడు పరిశోధకులు విశేషముగా శ్రమించుచున్నారు. సుబ్బారావుగారు అయాను మార్గములపై పని చేసినవారు కారు. వారి కాలమునకు ఆ మాటయే ప్రచారమున లేదు. అయినను వారు యౌవనమున కనుగొనిన పదార్థమును విడిచి ఆ ద్వారముల కథ చెప్పుటకు వీలులేదు. కావున రెంటిని కలిపి వ్రాయుచున్నాము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిన్న యుద్యోగి. అనారోగ్యముచే ముందుగనే కొలువు విడువవలసి వచ్చెను. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో వీరు నాలుగవవారు. ఇంట సంతానము మిక్కుటము, రాబడి తక్కువ. బాలుడు చదువుపై మనసు నిలుపక, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని పదమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి బయలుదేరెను. దారిలోనే పట్టి తెచ్చి తల్లి మరల బడికి బంపెను. చరిత్రకారులు దీనిని వినోదముగా వ్రాయుదురు గాని, ఆ తల్లి పట్టుదల లేకున్న మనకీ చరిత్రమే లేదు.

మెట్రిక్యులేషను పరీక్షలో రెండు మార్లు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి కృతార్థులయిరి. పిల్లవాడొక పరీక్ష తప్పినంతనే పరువు పోయినట్లు గృహమున శోకించు తలిదండ్రులు మన సంఘమున నేడును కలరు. వారీ వాక్యమును మరల చదువుకొందురు గాక. పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా రామకృష్ణ మిషనువారి సాంగత్యము కలిగి సన్న్యసింపవలెనని తలచిరి. తల్లి యనుమతి దొరకలేదు. సేవ చేయుటకు వైద్యమును మార్గమేయని మదరాసు వైద్య కళాశాలలో చేరిరి. స్నేహితులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును చదువునకు ధనసాహాయ్యము చేసిరి. ఆయన కుమార్తె శేషగిరిగారిని సుబ్బారావుగారు వివాహమాడిరి.

గాంధీమహాత్ముని పిలుపు విని విదేశీ వస్త్రములు త్యజించి, శస్త్రచికిత్సా తరగతికి సయితము ఖద్దరు దుస్తులతోనే పోవుచుండిరి. శస్త్రచికిత్సాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు ఇది కంటగింపయ్యెను. తక్కిన పరీక్షలు బాగుగా వ్రాసియు సుబ్బారావుగారు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా తక్కువదియైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను. మదరాసు వైద్యశాఖలో కొలువు దొరకలేదు. అప్పుడు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు నడపు ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రము బోధించు ఉపన్యాసకులుగా చేరిరి.

ఇంతలో ఆ గృహమునకు పిడుగు వంటి ఆపద వచ్చిపడెను. స్ప్రూ యనునది ప్రేగులు ఆహారసారమును గ్రహింపలేకపోవుట, నెత్తురు పలుచనగుట, మనిషి కృశించిపోవుట లక్షణములుగా గల ఉష్ణదేశ వ్యాధి. ఆ రోగముతో సోదరు లిద్దరు స్వల్పకాలములోనే ఒకరి వెనుక నొకరు మరణించిరి. సుబ్బారావుగారికిని ఆ వ్యాధియే సోకెను. పాశ్చాత్య వైద్యము పనిచేయకపోగా లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరి. తాను బ్రదికితిని, సోదరులు బ్రదుకలేదు, కారణము ఏ వైద్యునికిని తెలియదు. ఈ తలపే వారిని అమెరికాకు బంపినదని మా నమ్మకము.

ప్రయాణమునకు ధనమెక్కడిది? మామగారు కొంత సమకూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరుగారి ధర్మసంస్థ సాహాయ్యము చేయుదుమని మాట యిచ్చెను. ఇచ్చట మేమొక మాట దాచక చెప్పదలచితిమి. సత్యలింగము నాయకరుగారు మన శాఖవారు కారు. రంగూనులో కష్టించి గడించిన ధనమును ధర్మమునకు విడిచిన పుణ్యపురుషుడు. సుబ్బారావుగారు మావాడని మనము సభలలో చెప్పుకొను ప్రతిమారును ఆ ధర్మనిధి పేరు కూడ చెప్పవలసి యుండును. మన విద్యార్థి వేతన నిధిని శాఖవారికి మాత్రమే పరిమితము చేయవలెనా యను చర్చ ఈ మహాసభలో రానున్నదని విన్నాము. దాతలలో పలువురు పరిమితము చేయవలెననియే యున్నారు. వారి ధనము, వారి యిష్టము. అయినను కాకినాడ ధర్మకర్తలు నాడట్లే తలచియున్న, మనమీ సంచికలో నెవరి చరిత్రము వేసికొని యుందుమో యోచింపవలెనని మా మనవి.

1920వ దశకపు తొలి యేండ్లలో సుబ్బారావుగారు బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశ వైద్యశాఖలో ప్రవేశించిరి. చేతిలో ధనము లేదు. పగలు చదువు, రాత్రులు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగు కూలిపని. ఇంటివద్ద జన్మించిన కుమారుడు శైశవముననే మరణించెను. తండ్రి యా బిడ్డ ముఖము చూడనేలేదు. భార్యను మరల చూచు భాగ్యమును ఆయనకు కలుగలేదు.

డిప్లొమా పొందిన పిదప జీవరసాయన శాఖలో చేరి సైరస్ ఫిస్కె యను పండితునితో గూడి పనిచేసిరి. రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని వారిరువురు 1925లో ప్రకటించిరి. నీలవర్ణపు గాఢతనుబట్టి భాస్వరము పాలు తెలియును. ఫిస్కె సుబ్బారావు పద్ధతి యను పేర అది ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిట వాడుకలోనికి వచ్చెను. చూచుట కల్పమైన ఆ కొలబద్దయే పెద్ద తలుపులు తెరచెను. దానితో కండరములను పరీక్షింపగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో అడినోసీన్ ట్రైఫాస్ఫేటు, అనగా ఏ.టి.పి.ని కనుగొనిరి. మొదటిదానిని ఇంగ్లండులో ఎగిల్టను దంపతులును, రెండవదానిని జర్మనీలో లోమన్ అను పండితుడును అదే కాలమున వేరుగా కనుగొనిరి. కండరము కదలుటకు శక్తి లాక్టిక్ ఆమ్లమునుండియే వచ్చునని అంతవరకు పెద్దలు నమ్మిన మతము దీనితో కదలిపోయెను.

ఏ.టి.పి. యనగా నేమి? జీవకణమునకు చేతిలోని రొక్కము వంటిది. తిన్న అన్నము ఎన్ని రూపముల మారినను తుద కీ రొక్కముగా మారిననే కణమునకు ఖర్చుపెట్టుకొన వీలగును. ఆ ఖర్చులలో నొకటి మన కథకు ముఖ్యము. దానిని వివరించుటకు దూరము పోనక్కరలేదు. కంభము చెరువు చాలును.

లవణము నీట కరిగినప్పుడు విద్యుదావేశము గల సూక్ష్మ కణములుగా విడిపోవును. వానిని అయాను లందురు. మన పశ్చిమ ప్రకాశమున బోరునీళ్లలో నుండి పండ్లను గారపట్టించి ఎముకలను వంచు ఫ్లోరైడును అట్టి అయానే. ప్రతి జీవకణమునకు లోపల పొటాషియము అయానులు అధికము, వెలుపల సోడియము అయానులు అధికము. ఈ ఎచ్చుతగ్గే కణమునకు ప్రాణాధారము. గుండ్లకమ్మ నీటిని కంభము కట్ట ఎత్తున నిలిపినట్లు కణపు పొర అయానులను నిలుపును. తూము తెరచిన నీరు తనంతట తానే పల్లమునకు పారును. ఎవరికిని కూలి యీయనక్కరలేదు. అయాను మార్గములు అట్టి తూములు. కాని పల్లపు నీటిని మరల మెట్ట కెక్కింపవలెనన్న ఏతము త్రొక్కవలెను, లేదా మోటారు వేయవలెను. కణమునం దట్టి ఏతమును 1957లో డెన్మార్కు దేశపు స్కౌ పండితుడు కనిపెట్టెను. అది మూడు సోడియము అయానులను వెలుపలికి తోసి, రెండు పొటాషియము అయానులను లోనికి దెచ్చును. మారుమారునకు ఒక ఏ.టి.పి. ఖర్చగును. అనగా సుబ్బారావుగారు 1929లో చూచిన రొక్కముతోనే ఈ చెరువు నిండుచున్నది. చెరువే నిండకున్న తూములతో పనియేమి?

ఈ తూములు వేళకు తెరచుకొని వేళకు మూసికొనుటవలన నరము స్పందించును, గుండె కొట్టుకొనును. ఒక్కొక్క తూముగుండా పారు స్వల్ప విద్యుత్తును 1976లో జర్మనీలో నేర్, సాక్‌మన్ అను నిరువురు కొలిచి చూపిరి. కణము విభజన చెందుట, ఉబ్బుట, ముడుచుకొనుట, చోటు విడిచి కదలుట కూడ కొంతవరకు వీని యధీనమే. కాన్సరు కణములలో ఈ కట్టుబాటు చెడును. కొన్ని తూములు ఉండరానిచోట పుట్టుకొని వచ్చును; కొన్ని అతిగా తెరచుకొని యుండును. సాధారణముగా మెదడునకు పరిమితమైన ఒక పొటాషియము మార్గము ఇతరావయవముల కాన్సరు కణములలో కనబడుచున్నదనియు, దాని నడ్డగించిన ఆ కణముల పెరుగుదల తగ్గుచున్నదనియు 1999లో జర్మను పరిశోధకులు తెలిపిరి. సోడియము మార్గములు కొన్ని రొమ్ము కాన్సరు కణములకు చుట్టుపట్ల కండలలోనికి చొచ్చుకొనిపోవు బలము నిచ్చునని తరువాత పెక్కురు చూపిరి. అట్లని కాన్సరునకు మూలకారణము తూములే యనరాదు. మూలము జన్యువులయందలి చెరుపు. తూములు ఆ చెరుపునకు తోడ్పడు నేస్తములు.

మరల కథానాయకునికడకు వత్తము. హార్వర్డులో 1930లో డాక్టరేటు పొంది, ఇంకను పదియేండ్లు అచ్చటనే శ్రమించినను వారికి స్థిరమైన ఆచార్య పదవి లభింపలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివరు అను గ్రామమునందలి లెడర్లీ పరిశోధనాలయమున చేరి, కొలది కాలములోనే పరిశోధనాధ్యక్షు లయిరి. ఆ యెనిమిదేండ్లలో జరిగిన పని యొక పురుషాయుషమునకు చాలును. బోదకాలు రోగమునకు వాడు హెట్రజాను 1947లో వారి పరిశోధక బృందమునుండియే వెలువడెను. గోదావరి మండలమున బెరిగినవారికి బోదకాలు నెవరును వర్ణించి చెప్పనక్కరలేదు గదా. డగ్గరు పండితుడు మంటిబూజునుండి తీసిన ఆరియోమైసిన్ అను టెట్రాసైక్లిను జాతి మందును 1948లో లోకమునకు వచ్చినది అచ్చటినుండియే.

కాని మన విషయమునకు ఫోలిక్ ఆమ్లము ముఖ్యము. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టుసారములో దానిని కుదుర్చు గుణ మేదియో కలదని 1931లో ప్రకటించెను. ఆ గుణము ఫోలిక్ ఆమ్లముది. దాని నిర్మాణమును ఛేదించి, ప్రయోగశాలలో తయారు చేయు విధమును లెడర్లీలో సుబ్బారావుగారి బృందము 1945లో సాధించెను. అంతట టామ్ స్పైస్ అను వైద్యుడు ఆ మందును ఉష్ణదేశపు రోగుల కిచ్చి చూచెను. స్ప్రూ రోగుల నెత్తురు కోలుకొనెను! సోదరులను మ్రింగిన రోగమునకు మందు దొరకునప్పటికి వారు పోయి రెండు దశాబ్దములు దాటినవి. ఈ వార్త విన్ననాడు ఆయన మనసెట్లుండెనో ఎవరును వ్రాసి యుంచలేదు. మేమును ఊహించి వ్రాయము.

బోస్టను పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడుండెను. నెత్తుటి కాన్సరగు ల్యూకేమియా సోకిన పిల్లలు నాడు కొలది వారములలో, మహా యైన కొలది నెలలలో మరణించుచుండిరి. ఫోలిక్ ఆమ్లజాతి పదార్థములను ఈయగా కొందరు పిల్లలలో రోగము తగ్గుటకు మారుగా ప్రకోపించినట్లు ఫార్బరుకు దోచెను. కణముల విభజనకు ఫోలిక్ ఆమ్లము ఎరువైనచో, ఎరువు వలె కనబడి ఎరువు కానిదానిని పెట్టిన నేమగును? లెడర్లీ రసాయనజ్ఞులు ఫోలిక్ ఆమ్లమును స్వల్పముగా మార్చి అట్టి మాయ పదార్థములను సిద్ధము చేసిరి, అందొకటి అమినోప్టెరిన్. 1947 చివరను ఫార్బరు దానిని ప్రయోగించెను. 1948 జూనులో ప్రకటించిన వ్యాసమున, తీవ్రరోగము గల 16గురు పిల్లలలో 10మందికి తాత్కాలికముగా గుణము కనబడినదని తెలిపెను. గుణము నిలువలేదు, నిజమే. కాని మందుతో ల్యూకేమియాను వెనుకకు ద్రోయవచ్చునని లోకమునకు తెలిసినది నాడే. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటుతో 1956లో గర్భకోశమున బుట్టు కోరియోకార్సినోమా యను కాన్సరును అమెరికాలో లీ, హెర్ట్జ్ అను వైద్యులు కుదుర్చగలిగిరి. నేడు ల్యూకేమియా పిల్లలకు ఇతర మందులతో గూర్చియు, కీళ్లవాత రోగులకు స్వల్పమోతాదుగను అది యీయబడుచున్నది.

ఈ మందు కణములోనికి పోవు విధమున మరల ద్వారముల కథ వచ్చును. మెథోట్రెక్సేటు తనంతట పొరను దాటలేదు. ఫోలేటును లోనికి మోసికొనిపోవుటకు కణపు పొరలో నొక వాహక మున్నది. ఇది తూము వంటిది కాదు, బల్లకట్టు వంటిది. ఒక గట్టున సరకు నెక్కించుకొని రెండవ గట్టున దింపును. మాయ ఫోలేటును కూడ అదియే మోసికొనిపోవును. లోపల జేరిన మందు ఫోలేటును పనికి సిద్ధము చేయు కిణ్వమును పట్టివేయగా, కొత్త జన్యుపదార్థము తయారుగాక కణము నశించును. కాన్సరు కణము గడుసుది. కొంతకాలమునకు ఆ బల్లకట్టును తీసివేసికొనును. లేదా లోనికి వచ్చిన మందును మోటారు పెట్టి వెలుపలికి తోడివేయును. ఆ మోటారునకును ఇంధనము ఏ.టి.పి.యే! ఒక్క మనుష్యుని జీవితములో వెలికి వచ్చిన రెండు పదార్థములు, ఒకటి కణమును చంపుటకు, రెండవది కణము తన్ను గాచుకొనుటకు, ఒకే పొరవద్ద ఎదురు పడినవి. పురాణములో నిట్టి ఘట్టమున్న మనము హరికథ చెప్పించియుందుము.

తూములను మూసి కాన్సరును మాన్పవచ్చునా? ఈ దిశను మన దేశముననే యొక గొప్ప ప్రయత్నము జరిగినది. పన్ను పీకునప్పుడు చిగురునకు పొడుచు లిగ్నోకెయిను అను మందు సోడియము మార్గములను మూయును. అందుచేతనే నొప్పి తెలియదు. ముంబయి టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు, దేశమందలి 11 కేంద్రములలో, తొలిదశ రొమ్ము కాన్సరు గల స్త్రీలలో సగముమందికి శస్త్రచికిత్సకు కొలది నిమిషములు ముందుగా గడ్డ చుట్టును ఈ మందు నెక్కించి, తక్కినవారికి మామూలుగానే కోత చేసిరి. 2023లో ప్రకటించిన ఫలితములలో 1,583 మంది లెక్క కలదు. అయిదేండ్ల పిదప, మందు పొందినవారిలో నూటికి 90.1 పాలు, పొందనివారిలో 86.4 పాలు జీవించియుండిరి. కోత వేళ కణములు చెదరిపోకుండ తూములు మూయుటయే కారణమని వైద్యుల యూహ. అది యింకను పూర్తిగా స్థిరపడలేదు, ఇతర దేశములలోను సరిచూడవలసి యున్నది. ఈ వ్యాసము చదివి లిగ్నోకెయిను సూది వేయించుకొన్న కాన్సరు పోవునని ఎవరును భ్రమపడరాదు. కోత, మందు, కిరణ చికిత్సలకు అది తోడు మాత్రమే. చికిత్స మధ్యలో మాని నాటుమందులకు పోయినవారి గతి మన ప్రాంతమున చూచుచునే యున్నాము.

సుబ్బారావుగారు ఇవేవియు చూడలేదు. ఫార్బరు వ్యాసము వెలువడిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, న్యూయార్కున తమ వసతిలో నిద్రయందే గుండె ఆగి మరణించిరి. వయస్సు 53 ఏండ్లు. భారతీయులకు అమెరికా పౌరత్వమునకు 1946లో చట్టము వీలు కల్పించినను, వారా పత్రములు పూర్తి చేయలేదు. మరణమునాటికి భారతీయులుగనే యుండిరి. భారతదేశము స్వతంత్రమై అప్పటికి సంవత్సరము. నోబెలు బహుమానము గాని, హార్వర్డు ఆచార్య పీఠము గాని లభింపలేదు. తమ పేరు ముందు వేయించుకొనుటకు గాని, పత్రికలవారికి తమ ఘనత చెప్పుటకు గాని ఇచ్చగింపని స్వభావము. వారి గౌరవార్థము ఒక బూజు జాతికి సుబ్బరోమైసిస్ అని నామకరణము జరిగెను. భారత ప్రభుత్వము శతజయంతి సందర్భమున 1995లో తపాలా బిళ్ల వెలువరించెను. శేషగిరిగారు రెండు దశాబ్దములకు పైగా ఎదురుచూచిన యింటికి తుదకు చేరినది మరణవార్త.